ఫార్ములా కంటే ముందు టైపింగ్: ఆటోనగర్ ఆఫీసులో కంప్యూటర్ శిక్షణ, ఒక కేస్ స్టడీ

విజయవాడ ఆటోనగర్‌లో లారీ, కారు విడిభాగాలు హోల్‌సేల్‌గా అమ్మే సంస్థ ఇది. పేరు చెప్పను. కౌంటరు, గోడౌను, బిల్లింగు, అకౌంట్లు అన్నీ కలిపి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు పది పన్నెండు మంది ఉంటారు. నిన్నమొన్న డిగ్రీ అయిన కుర్రాళ్ల నుంచి రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన దాకా అన్ని వయసుల వాళ్లూ ఉన్నారు. అందరి బయోడేటాలోనూ 'ఎం.ఎస్. ఆఫీస్' అని రాసి ఉంది. కొందరి దగ్గర పీజీడీసీఏ సర్టిఫికెట్లున్నాయి. గోడౌన్ కుర్రాడి దగ్గర పీఎంజీదిశ సర్టిఫికెట్ ఉంది. పల్లెల్లో 14 నుంచి 60 ఏళ్ల వాళ్లకు కంప్యూటర్, ఇంటర్నెట్ ఓనమాలు నేర్పడానికి కేంద్రం 2017లో పెట్టిన పథకం అది. శిక్షణ మొత్తం 20 గంటలే.

యజమాని అడిగింది సూటిగానే ఉంది. "మావాళ్లందరికీ ఎక్సెల్ నేర్పించి, చివర్లో ఏదైనా పేరున్న సర్టిఫికెట్ ఇప్పించండి మేడం. ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకుంటాం."

ఇలాంటి మాట వినగానే నేను సిలబస్ తీయను. ముందు ఆఫీసులో అందరూ ఆలస్యంగా ఇంటికెళ్లే రోజులు ఏవో కనుక్కుంటాను. ఇక్కడ అవి నెలలో 14వ తేదీ నుంచి 20వ తేదీ దాకా.

కారణం జీఎస్టీ. 14న జీఎస్‌టీఆర్-2బీ వస్తుంది. మనకు సరుకు పంపిన పార్టీలు ఏయే బిల్లులు రిటర్న్‌లో చూపించారో అందులో ఉంటుంది. 20లోపు మనం మన నెలవారీ రిటర్న్ 3బీ వెయ్యాలి. 2బీలో కనిపించని బిల్లులకు 2020లో 10 శాతం, 2021లో 5 శాతం దాకా కాస్త వెసులుబాటు ఉండేది. 2022 జనవరి 1 నుంచి అదీ పోయింది. పార్టీ వేసిన బిల్లు 2బీలో కనిపిస్తేనే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు ఇచ్చిన పన్నును మనం కట్టాల్సినదాంట్లోంచి తగ్గించుకోవడం, లేకపోతే ఆ పన్ను మన జేబులోంచే కట్టాలి. అందుకని ఆ ఆరేడు రోజులూ ఇద్దరు ముగ్గురు పర్చేజ్ రిజిస్టర్ ప్రింటు ఒక చేత్తో, 2బీ ప్రింటు ఇంకో చేత్తో పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ కూర్చునేవారు. తేలని బిల్లుల జాబితా ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్‌గా వచ్చేది. యజమాని 'ఎక్సెల్' అన్నది ఈ టెన్షన్ తగ్గించమనే. సర్టిఫికెట్ సంగతి దానికి వేరు. ఈ రెండూ ఒకే కోర్సుతో తీరతాయని ఆయన అనుకున్నారు. తీరవని నాకు అప్పటికే అనుమానం.

పక్కన కూర్చుని చూస్తే

శిక్షణకు ముందు నేను రాత పరీక్ష పెట్టను. నలభై ప్రశ్నల పేపరిస్తే ఎవరు బాగా చదువుకున్నారో తెలుస్తుంది కానీ, ఎవరు ఎలా పనిచేస్తున్నారో తెలియదు. ఒక్కొక్కరి పక్కన కుర్చీ వేసుకుని, వాళ్ల రోజువారీ పని వాళ్లను చేసుకోమని చెప్పి చూస్తాను. మొదట్లో బిగుసుకుపోతారు. కాసేపటికి కస్టమర్ ఫోన్ చేస్తాడు, నన్ను మర్చిపోతారు. అసలు పద్ధతులు అప్పుడు బయటపడతాయి.

ఎక్సెల్‌లో అంకెల వరస ఎదురుగా ఉండగానే టేబుల్ మీది కాలిక్యులేటర్‌తో కూడి, వచ్చిన మొత్తాన్ని కింద టైపు చేసేవాళ్లు ఇద్దరు కనిపించారు. సమ్ ఫార్ములా వాళ్లకు తెలియక కాదు. నమ్మకం లేక. ఎప్పుడో ఒకసారి ఫార్ములా తప్పు మొత్తం చూపించిందట. చూపించే ఉంటుంది, ఎందుకంటే ఆ వరసలో కొన్ని అంకెలు టెక్స్ట్‌గా పడి ఉన్నాయి. సమ్ వాటిని కలపదు, కలపలేదని చెప్పదు కూడా.

పార్ట్ నంబర్ల గోల ఇంకోటి. విడిభాగాల వ్యాపారంలో పార్ట్ నంబరే ప్రాణం. సున్నాతో మొదలయ్యే నంబరు కొడితే ఎక్సెల్ ముందు సున్నా తీసేస్తుంది. మధ్యలో గీత ఉన్న 3-12 లాంటి నంబరును తేదీ చేసేస్తుంది. అంకెల మధ్య ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఉంటే దాన్ని ఘాతంగా చదివి ఇంకేదో పెద్ద సంఖ్య చూపిస్తుంది. స్టాక్ షీటులో ఇలా పాడైన నంబర్లను గోడౌన్ కుర్రాడు జ్ఞాపకంతో సరిదిద్దుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ఆ కుర్రాడు సెలవు పెడితే స్టాక్ షీటుకూ సెలవే.

తేదీల్లోనూ ఇలాగే ఉంది. రెండు కంప్యూటర్లలో విండోస్ రీజియన్ అమెరికా మీద ఉంది. ఏప్రిల్ 5 అని కొట్టిన 05-04-2025 అక్కడ మే 4 అవుతుంది. 13-04-2025 మాత్రం తేదీయే కాకుండా టెక్స్ట్‌గా మిగిలిపోతుంది, పదమూడో నెల లేదు కాబట్టి. ఒకే ఫైలు మీద నలుగురు నాలుగు కంప్యూటర్లలో పనిచేస్తే నెలవారీ లెక్క ఎవరికీ కలవదు. సెట్టింగ్ మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. కానీ సమస్య అక్కడుందని ఎవరికీ అనుమానమే రాలేదు.

అన్నిటికన్నా నాకు ఎక్కువ నేర్పింది అకౌంట్స్ చూసే పెద్దాయన. టైప్‌రైటింగ్ ఇంగ్లీషు హయ్యర్ పాసైన మనిషి. ఆఫీసులో ఆయనంత వేగంగా టైపు చేసేవాళ్లు లేరు, కీబోర్డు వైపు చూడను కూడా చూడరు. పర్చేజ్ బిల్లులన్నీ ఎక్కించేది ఆయనే. 2బీతో కలవని బిల్లులు ఎక్కువగా ఉన్నదీ ఆయన ఎక్కించినవాటిలోనే. కంటికి చూస్తే రెండు చోట్లా బిల్లు నంబరు ఒకేలా ఉంటుంది. ఎక్సెల్ మాత్రం రెండూ వేరంటుంది. ఒక్కో అక్షరాన్నీ విడదీసి చూస్తే తెలిసింది: బిల్లు నంబర్లో 1 అంకె ఉండాల్సిన చోట చిన్న 'ఎల్' అక్షరం ఉంది. పాత టైప్‌రైటింగ్ మిషన్లు చాలావాటిలో 1 అంకెకు వేరే మీట ఉండేది కాదు, చిన్న ఎల్ కొట్టేవారు. రూపాయల అంకెలు ఆయన కుడివైపు నంబర్ ప్యాడ్ మీద కొడతారు కాబట్టి అవి సరిగ్గానే ఉన్నాయి. అక్షరాలూ అంకెలూ కలిసిన బిల్లు నంబర్ల దగ్గరకు వచ్చేసరికి వేళ్లు పాత దారి పట్టేవి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో అయిదో స్థానంలో ఎప్పుడూ సున్నాయే ఉండాలి, అక్కడ కూడా 'ఓ' అక్షరం పడుతోంది.

ఇది ఏ ఎక్సెల్ పుస్తకంలోనూ ఉండదు. ఆయనకు చూపించినప్పుడు నొచ్చుకోలేదు, గట్టిగా నవ్వారు. "ముప్పై ఏళ్ల నాటి మిషన్ ఇంకా నా వేళ్లలోనే ఉందమ్మా" అన్నారు.

ఫార్ములాలు లేని నెల

తరగతులు పొద్దున్న షాపు తెరవకముందు పెట్టాం. సాయంత్రం లారీ లోడింగ్ టైం, ఎవరి ధ్యాసా నిలవదు. వారానికి రెండు రోజులు, ఒక్కోసారి గంటకు కాస్త పైన. మిగతా రోజుల్లో నేర్చుకున్నది సొంత పనిలో వాడాలి, దాన్ని నేను మళ్లీ వచ్చినప్పుడు చూస్తాను. పెద్దవాళ్ల శిక్షణలో నేను కచ్చితంగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయంలోనే. తరగతి కోసం తయారుచేసిన ఉత్తుత్తి ఫైళ్లు వాడను. 'స్టూడెంట్ మార్కుల లిస్టు' మీద నేర్చుకున్న పివట్ టేబుల్ మర్నాటికి గుర్తుండదు. తన సొంత పర్చేజ్ రిజిస్టర్ మీద నేర్చుకున్నది పోదు.

మొదటి నెల ఒక్క ఫార్ములా కూడా చెప్పలేదు. కుర్రాళ్లకు చిరాకేసింది. యూట్యూబ్‌లో వీలుకప్ (ఒక జాబితాలోని నంబరును ఇంకో జాబితాలో వెతికి తెచ్చే ఫార్ములా) పది నిమిషాల్లో వస్తుంటే ఈవిడ నెలరోజులు వరసలు, గడులు అంటుందేంటని. చెత్త డేటా మీద వీలుకప్ వెయ్యడం రాళ్లు ఏరని బియ్యాన్ని ఎసట్లో పోసినట్టే ఉంటుంది, అన్నం ఉడుకుతుంది కానీ తినలేం.

కాబట్టి ముందు కట్టుబాట్లు. ఒక బిల్లుకు ఒక వరస, ఒక విషయానికి ఒక కాలమ్. అందం కోసం గడులు కలపడం మానేయాలి. మధ్యలో ఖాళీ వరసలు వదలకూడదు. 'పసుపు రంగు వేస్తే డబ్బు కట్టినట్టు' లాంటి రహస్య ఒప్పందాలు వద్దు, దానికి ఒక కాలమ్ పెట్టుకుని 'కట్టాం' అని రాసుకోవాలి. ఈ రంగుల అలవాటు మాన్పించడానికే ఎక్కువ కష్టపడ్డాను. ఇప్పటికీ పూర్తిగా పోలేదనుకుంటాను.

తర్వాత పార్టీల మాస్టర్ లిస్టు తయారుచేశాం. ఒక పార్టీకి ఒకే పేరు, పక్కన జీఎస్టీ నంబరు. ఆ నంబరుకు 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడు, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తర్వాతి పదీ పాన్ నంబరు. అక్షరాలు పదిహేను లేకపోతే ఒప్పుకోకుండా డేటా వాలిడేషన్ పెట్టాం. పార్టీ పేరు ఇక టైపు చేసే పని లేదు, జాబితాలోంచి ఎంచుకోవడమే. ఒకే హైదరాబాద్ కంపెనీ రిజిస్టర్లో నాలుగు రకాల స్పెల్లింగులతో ఉన్న సంగతి అప్పుడే అందరికీ కనబడింది. ఆ రోజు తరగతిలో చాలాసేపు నవ్వులే.

పార్ట్ నంబర్ల కాలమ్‌ని టైపు చేయకముందే టెక్స్ట్‌గా మార్చిపెట్టడం, కంప్యూటర్లన్నిటిలో రీజియన్ ఇండియాకు మార్చడం ఆ నెలలోనే అయిపోయాయి. రీజియన్ మారేసరికి అంకెల్లో కామాలు కూడా లక్షలు, కోట్ల ప్రకారం పడటం మొదలైంది. అది చూసి కాలిక్యులేటర్ వాడే ఇద్దరిలో ఒకాయనకు కంప్యూటర్ మీద గౌరవం పెరిగింది.

రెండో నెలలో పోలిక మొదలుపెట్టాం. పార్టీ జీఎస్టీ నంబరునూ బిల్లు నంబరునూ కలిపి ఒక తాళంచెవి కాలమ్ తయారుచెయ్యడం, అదే కాలమ్ 2బీ వైపు కూడా తయారుచేసి రెంటినీ వీలుకప్‌తో పోల్చడం. ఆఫీసులో ఉన్నది ఎక్సెల్ 2016 వెర్షన్, అందులో వీలుకప్ కొత్త రూపమైన ఎక్స్‌లుకప్ ఉండదు. వీలుకప్‌లో నాలుగో భాగం వదిలేస్తే దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చిపెడుతుంది, అక్కడ తప్పనిసరిగా సున్నా పెట్టాలి. ఈ ఒక్క సున్నా గురించి ప్రతి తరగతిలోనూ అడిగాను. చివరికి నేను నోరు తెరవకముందే "సున్నా పెట్టాం మేడం" అనేవారు.

వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసిన డేటాలో కంటికి కనపడని ఖాళీలు వస్తాయి. ట్రిమ్ ఫార్ములా మామూలు స్పేస్‌లను తీసేస్తుంది కానీ 160 కోడు ఉన్న ఖాళీని ముట్టుకోదు, దాన్ని సబ్‌స్టిట్యూట్‌తో తీసెయ్యాలి. అలాగే పైసల తేడాలు. రూపాయి లోపు తేడాను తేడాగా లెక్కపెట్టకుండా ఫార్ములా రాసుకున్నాం. ఇంకోటి, పోలిక రెండు వైపుల నుంచీ చెయ్యాలి. మన రిజిస్టర్లో ఉండి 2బీలో లేనివి చూడటం అందరికీ తోస్తుంది. 2బీలో ఉండి మన దగ్గర లేని బిల్లులు, అంటే సరుకొచ్చి బిల్లు గోడౌన్‌లోనే ఉండిపోయినవి, రెండో వైపు నుంచి చూస్తేనే బయటపడతాయి.

అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ కొత్త వెర్షన్లలో 2బీ పోలిక లోపలే ఉంది కదా, ఇదంతా ఎందుకని ఆడిటర్ గారి ఆఫీసులో ఒకరు అడిగారు. ఉంది, మంచిదే. కానీ చిన్న ఎల్‌ను టాలీ కూడా ఒకటిగా చదవదు.

మూడో నెలకు తేలని బిల్లుల జాబితా ఒక పేజీలోకి వచ్చింది. మిగిలినవి నిజంగానే పార్టీ రిటర్న్ వెయ్యనివి. వాళ్లకు 15వ తేదీనే ఫోన్ వెళ్తుంది, బిల్లు 2బీలో కనిపించేదాకా జీఎస్టీ మేరకు డబ్బు ఆపుతారు. పెద్దాయన ఇప్పుడు కొత్తగా ఎక్కించిన ప్రతి బిల్లునూ చూసే మనిషి అయ్యారు. తప్పు ఎలా పడుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వర్డ్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి అందరికీ తయారుచేసే మెయిల్ మెర్జ్ అందరికీ నచ్చింది, ఉత్సాహంగా చేశారు, వాడే పని లేక నెలలో మర్చిపోయారు.

ఏ సర్టిఫికెట్, ఎవరికి

యజమాని కోరిక ప్రకారం అందరికీ ఒకే సర్టిఫికెట్. నేను ఒప్పుకోలేదు. ఆ ఆఫీసుకు పనికొచ్చేవి రెండు కనిపించాయి, రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివి.

ఒకటి నైలిట్ వారి సీసీసీ, అంటే కోర్స్ ఆన్ కంప్యూటర్ కాన్సెప్ట్స్. కేంద్ర ప్రభుత్వ సంస్థది. సిలబస్ 80 గంటలకు రాసింది, చదువు అర్హత పట్టింపు లేదు. 90 నిమిషాల్లో వంద ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, 50 మార్కులొస్తే పాస్. ఫీజు 500, జీఎస్టీ అదనం. కంప్యూటర్ ప్రాథమిక విషయాల నుంచి ఈమెయిల్, డిజిటల్ చెల్లింపులు, సైబర్ భద్రత దాకా అన్నీ తాకుతుంది. స్ప్రెడ్‌షీట్ భాగం లిబ్రె ఆఫీస్ మీద ఉంటుంది, ఎక్సెల్ అలవాటున్నవాళ్లకు మెనూలు కొత్తగా అనిపిస్తాయి. ఇది తెలిసిందా లేదా అని అడిగే పరీక్ష. చెయ్యగలవా అని అడగదు.

రెండోది మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్. ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో పరీక్ష. ఎక్సెల్ తెరిచి, ఇచ్చిన ఫైళ్లలో 50 నిమిషాల్లో పని చేసి చూపించాలి. 1000కి 700 వస్తే పాస్, ఫలితం అక్కడికక్కడే. ఫీజు మాత్రం వేలల్లో ఉంటుంది.

గోడౌన్ కుర్రాడికీ, కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయికీ సీసీసీ చెప్పాను. ఆ అమ్మాయి ప్రభుత్వ ఉద్యోగాలకు చదువుకుంటోంది. ఒక మాట ముందే చెప్పాల్సి వచ్చింది: గ్రూప్-2 లాంటి వాటికి ఏపీపీఎస్సీ తనే కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్టు పెడుతుంది, సీసీసీ ఉందని అది తప్పదు. అయినా రాస్తానంది, ఆ సిలబస్ చదివితే దీనికీ ఉపయోగమే కదా అని. సరైన లెక్కే.

ఎక్సెల్ పరీక్షకు అకౌంట్స్, బిల్లింగ్ వాళ్లు కొందరు ముందుకొచ్చారు. పెద్దాయన రానన్నారు. యజమాని ఒత్తిడి చెయ్యబోతే నేనే అడ్డుపడ్డాను. రిటైర్మెంటు ముందు ఆయన ఎవరికి ఏం నిరూపించాలి?

పరీక్ష తయారీలో నాకు ఎదురైన అసలు కష్టం ఎక్సెల్ కాదు, ప్రశ్నలోని ఇంగ్లీషు. పరీక్షలో 'ఫ్రీజ్ పేన్స్ పెట్టు' అని అడగరు. కిందకు జరిపినా మొదటి వరస కనిపిస్తూనే ఉండేలా చెయ్యి అని అడుగుతారు. ఏ మెనూలోకి వెళ్లాలో అభ్యర్థే పోల్చుకోవాలి. తెలుగు మీడియంలో చదివిన బిల్లింగ్ అమ్మాయికి పని చేతిలో ఉంది, వాక్యం దగ్గర ఆగిపోతుంది. అందుకని ఒక నోట్ బుక్ పెట్టించాను. ఎడమవైపు ప్రశ్నల్లో వచ్చే ఇంగ్లీషు మాటల తీరు, కుడివైపు దానికి ఎక్సెల్‌లో చెయ్యాల్సిన పని. 'రిమైన్ విజిబుల్' అంటే ఫ్రీజ్, 'ఓన్లీ ఇఫ్' అంటే ఇఫ్ ఫార్ములాయో కండిషనల్ ఫార్మాటింగో, ఇలా. ఆ నోట్ బుక్కు జిరాక్స్ కాపీలై ఆఫీసంతా తిరిగింది.

సిలబస్‌లో స్పార్క్‌లైన్లు, చార్టుల అలంకారాలు ఉంటాయి. విడిభాగాల ఆఫీసులో వాటిని ఎవరూ ముట్టుకోరు. 2బీ పోలికలో రోజూ వాడేది పరీక్షలో చాలా తక్కువ. కాబట్టి పరీక్షకు వేరే తరగతులు, వేరే సమయం పెట్టాను. ఆఫీసు పని నేర్పే టైంలోంచి దానికి ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు.

రాసినవాళ్లు ఒక్కరు తప్ప మొదటిసారే గట్టెక్కారు. ఆ ఒక్కరూ ఆ బిల్లింగ్ అమ్మాయే. తన పనిలో అందరికన్నా మెరుగ్గా ఉండేది ఆ అమ్మాయే. ఒక ప్రశ్న సరిగ్గా కుదిరేదాకా వదలకపోవడం ఆఫీసులో మంచి గుణం, 50 నిమిషాల పరీక్షలో అదే దెబ్బతీసింది. రాకపోతే వదిలేసి ముందుకెళ్లడం ఒక్కటే తర్వాత సాధన చేయించాను. రెండోసారి హాయిగా పాసైంది.

యజమాని సంగతి

ఫలితాలొచ్చాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఈ సర్టిఫికెట్లు ఆఫీసులోనే పెట్టుకుంటే ఏమంటారు? చేతికిస్తే వేరే చోటికి పోతారేమో" అన్నారు. ఇది ఈయన ఒక్కడి భయం కాదు, నేను వెళ్లిన చాలా చిన్న సంస్థల్లో విన్నదే. పెట్టుకోవడం కుదరదని చెప్పాను. సర్టిఫికెట్ అభ్యర్థి సొంత అకౌంట్లో డిజిటల్‌గా ఉంటుంది. అందుకే రిజిస్ట్రేషన్ అప్పుడే ఆఫీసు జీమెయిల్ కాకుండా ఎవరి ఈమెయిల్ వాళ్లు పెట్టాలని పట్టుబట్టాను. అప్పటిదాకా ఆఫీసంతటికీ ఒకే జీమెయిల్, దాని పాస్‌వర్డ్ మానిటర్ మీద స్టిక్కర్‌గా అంటించి ఉండేది.

ఫీజు విషయంలో కూడా ఆయనకూ నాకూ కుదరలేదు. పాసైతే ఆఫీసు కడుతుంది, తప్పితే ఉద్యోగి జీతంలోంచి అన్నారు. అలాగైతే ఖాయంగా పాసయ్యేవాళ్లు తప్ప ఎవరూ పేరివ్వరని, మొదటి ప్రయత్నం ఆఫీసుదే కావాలని అన్నాను. చివరికి ఒప్పుకున్నారు.

ఆయన భయపడ్డట్టే అకౌంట్స్‌లో ఒకాయన కొన్ని నెలలకు గుంటూరులో ఎక్కువ జీతానికి చేరిపోయాడు. నన్ను అడిగితే, మూడేళ్లుగా జీతం పెంచని మనిషి సర్టిఫికెట్ లేకపోయినా వెళ్తాడు. 2బీ పని మాత్రం ఆగలేదు. ఫైలు ఎలా నడపాలో వాళ్లే తెలుగులో రాసిపెట్టుకున్న రెండు పేజీల కాగితం ఉంది.

అన్నట్టు, ఆఫీసులో చెత్త డేటా అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది యజమాని ఫోన్‌లోంచే. బిల్లులు మసక ఫోటోలు తీసి అర్ధరాత్రి వాట్సాప్‌లో పెడతారు, సగం నంబరు వేలి కింద ఉంటుంది. తరగతికి రమ్మంటే నవ్వి ఊరుకున్నారు.

2025 సెప్టెంబరు

శిక్షణ అయిపోయాక నాకు సంబంధం లేకుండా ఒక పరీక్ష వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. వేల ఐటమ్‌ల రేట్లు మార్చాలి. కౌంటర్ దగ్గర కస్టమర్లందరిదీ ఒకటే మాట, "పది శాతం తగ్గింది కదా, పది శాతం తీసెయ్యండి." అలా తీసేస్తే నష్టపోతారు. పన్నుతో కలిపి 1280 ఉన్న సరుకు అసలు ధర 1000, కొత్త పన్నుతో 1180. అంటే తగ్గాల్సింది 7.8 శాతం. పాత రేటును 1.28తో భాగించి 1.18తో గుణించాలి. ఇది బిల్లింగ్ అమ్మాయి తనే రాసుకుని, పార్ట్ నంబర్ తాళంచెవిగా రేట్ల జాబితా మొత్తం మార్చేసి, పాత రేటు, కొత్త రేటు, తేడా మూడూ పక్కపక్కన కనిపించేలా ప్రింటు తీసి కౌంటర్లో పెట్టింది. అడిగిన కస్టమర్‌కు అదే చూపించేవారు. నాకు ఫోన్ చేసింది పని అయిపోయాక, రౌండింగ్ ఫార్ములా ఒక్కటి సరిగ్గా ఉందా అని అడగడానికి.

ఇప్పుడు రాజమండ్రి బ్రాంచిలో మొదలుపెట్టబోతున్నాం. అక్కడ తరగతులు చెప్పేది ఎక్కువగా ఈ ఆఫీసు వాళ్లే, నేను వారానికి ఒకసారి వెళ్తాను. మొదటి నెల ఫార్ములాలు ఉండవని ముందే చెప్పేశారట. సర్టిఫికెట్ పరీక్షకు పేర్లు మాత్రం మూడో నెల చివర్లోనే తీసుకుంటాం.